అంచు నేయని తివాసీ

ఉదయం పది గంటలకు ఏలూరు తివాసీ కంపెనీ షెడ్డులో ఆరుగురు నేతగాళ్లను మగ్గం పలక మీద నుంచి లేపారు. గోడవారగా నిలబడమన్నారు. ఢిల్లీ చిత్రకారుడు వచ్చి ఆ పలక మీద కూర్చుని కత్తెర పట్టుకున్నాడు. తలకిందులుగా పట్టుకున్నాడు. మద్రాసు ఫొటోగ్రాఫరు అలాగే ఫొటో తీశాడు. కింద "తన మగ్గం వద్ద కళాకారుడు" అని పత్రికల్లో వేస్తారట.

అది 1958 ఫిబ్రవరి. ఐరోపాలో అన్ని దేశాల నవీన కళా ప్రదర్శన జరగబోతోంది. మన దేశం తరఫున ఈ తివాసీ వెళ్లాలి. చిత్రకారుడు ఇచ్చింది అరచేతంత కాగితం. అందులోనూ పై మూడో వంతు ఖాళీ. "ఏదో ఒకటి నింపండి" అని రైలెక్కాడు. ఆ కాగితాన్ని ముడుల లెక్కలోకి మార్చి, ఏ ముడికి ఏ రంగో ఎనిమిది నెలలు తోటివాళ్లకు రాగంతో చెప్పినవాడు ఆ ఆరుగురిలో జగ్గయ్య. ఆ ఖాళీకి నూలు ఉడికించి రంగు తెచ్చింది వాళ్లలోనే, కొల్లేటి లంకలో పుట్టిన తులసి.

ఫొటో అయ్యాక ఢిల్లీ అధికారి ఆ పైభాగం చూపించి ఇంగ్లీషులో ఏదో అన్నాడు. యజమాని వెంకట్రాజు తెలుగులో చెప్పాడు. "ఇక్కడ భారతదేశపు ఆత్మ కనిపిస్తోందంటున్నారోయ్."

"ఆత్మ కాదండి. ఆషాఢంలో ఆకివీడు కాడ కొల్లేరు నీళ్లండి అయ్యి. వరద ఎర్రనీళ్లు కలిసినప్పటియి" అన్నాడు జగ్గయ్య.

వెంకట్రాజు ఆ మాట అధికారికి చెప్పలేదు.

ప్రదర్శన పుస్తకం ఒకటి బల్ల మీద ఉంది. మిషను స్కూల్లో ఇంగ్లీషు చదివిన నేతగాడు సత్యవేదం దాన్ని అన్నాలవేళ అందరి మధ్యా విప్పాడు. చిత్రకారుడి పేరుంది, బొమ్మ ఉంది, దేశం పేరుంది.

"మన సంగతేం రాశారయ్యా?" అంది పక్క మగ్గం బుల్లెమ్మ.

"ఉంది. 'పేరు తెలియని పల్లె చేతులు నేసినవి' అని."

"పేరు తెలీదా? పొద్దున్న ఐదు నిమిషాలు ఆలస్యమైతే ఇంటిపేరుతో సహా పిలుస్తాడుగా మేస్త్రి!"

షెడ్డులో అన్ని మగ్గాలవాళ్లూ కలిసి నలభైమంది నవ్వారు. ఇంకో మగ్గం జోగారావు నవ్వలేదు. "పేరుతో కడుపు నిండుద్దా? పని పోద్దిరా బాబూ" అన్నాడు.

"పేరు లేకుండా నిండిందా మావా, ఇన్నాళ్లూ?" అంది తులసి.

జోగారావు అన్నం గిన్నె మూత పెట్టాడు. చాలాసేపు వాదించుకున్నారు. చివరికి తీర్మానం అయింది. ఆఖరి అంచులో ఆరు పేర్లు నేస్తారు. కాదంటే అంచే నెయ్యరు.

ఆ సంగతి తెలిసి వెంకట్రాజు మెత్తగానే మాట్లాడాడు. "ఏవమ్మా తులసీ, మీ పేర్లు వేస్తే అది దేశం తివాసీ ఎలా అవుద్దమ్మా?"

"ఆ బొమ్మలాయన పేరు వేస్తే అయిందిగదండి. మేం దేశం కామాండి?"

శుక్రవారం తివాసీ మద్రాసు మెయిలెక్కాలి. శుక్రవారం పొద్దున వెంకట్రాజు సబిన్‌స్పెక్టరును వెంటబెట్టుకుని వచ్చాడు. అధికారీ చిత్రకారుడూ కుర్చీల్లో కూర్చున్నారు. వెంకట్రాజు పెద్ద కత్తెర తీసుకుని మగ్గం దగ్గరికి నడిచాడు.

"అంచు నెయ్యలేదండి" అన్నాడు జగ్గయ్య, ఒక్కసారే.

"ముప్పై ఏళ్ల నుంచి తివాసీలు అమ్ముతున్నాను. నాకు చెప్తావా?"

అమ్మాడు, నిజమే. ముడులు జారకుండా చివర వేసే ఆ బెత్తెడు నేతను ఆయన ముప్పై ఏళ్లుగా అలంకారమనుకున్నాడు. మగ్గానికి బిగించిన పడుగు దారాలు తెగ్గోశాడు. నలుగురు కంపెనీ జవాన్లు పైకొస పట్టుకుని లాగారు. వారి చేతుల్లోనే ముడులు జారాయి. ఒక వరస, దాని కింద ఇంకో వరస. కొల్లేరు నేల మీద నూలుపోగులై పడింది.

చిత్రకారుడు లేచి నిలబడ్డాడు. "దీన్ని ఎవరు బాగుచేయగలరు?" అన్నాడు అధికారి ఇంగ్లీషులో. వెంకట్రాజు ఆరుగురి వైపూ చూశాడు. ఆరుగురూ చేతులు కట్టుకుని ఉన్నారు.

"ప్రభుత్వపు ఆస్తికి నష్టం కలిగించారు. స్టేషనుకు నడవండి" అన్నాడు సబిన్‌స్పెక్టరు. కోసింది ఎవరో అక్కడందరూ చూశారు. ఆయనా చూశాడు. నోటుబుక్కు తీశాడు. "పేరు?"

"తులసి. మోరు తులసి. ఊరు కూడా రాయండి, కొల్లేటికోట."

జగ్గయ్య చెప్పాడు. సత్యవేదం చెప్పాడు. ఆరుగురూ అయ్యాక సబిన్‌స్పెక్టరు పుస్తకం మూయబోయాడు.

"ఆగండి" అన్నాడు జోగారావు. మగ్గం దిగి వచ్చి వరసలో నిలబడ్డాడు. "నాది కూడా రాసుకోండి. బలే జోగారావు. ఇంటిపేరు బలే."

అతని వెనక బుల్లెమ్మ నిలబడింది. షెడ్డులో మగ్గాలు ఒక్కొక్కటే ఆగాయి. వరస గుమ్మం దాటి రోడ్డు మీదికి వెళ్లింది.