దూరం వెళ్ళినవాడి పళ్ళెం

పెద్ద ఓడ మా రేవుకు వచ్చే రోజు మా అమ్మ, పేరు తోమె, పొద్దున్నే జుట్టు దువ్వుకుంటుంది. మామూలు రోజుల్లో దువ్వెన ఎక్కడుందో కూడా ఆమెకు పట్టదు. ఆ రోజు మాత్రం మంచి కోటు తొడుక్కుని, నాకంటే ముందే రేవుకు చేరి, ఓడకు ఆనించిన మెట్ల పక్కన నిలబడుతుంది. దిగే ప్రతి ముఖమూ చూస్తుంది. తెల్లవాళ్ళు, చైనా వాళ్ళు, చక్రాల కుర్చీల్లో ముసలమ్మలు, ఎవరినీ వదలదు. ఈ కరసుహమ ఊళ్ళో ఎంత మర్యాదగా ఎదురొస్తున్నారో అనుకుని వాళ్ళు ఆమెకు చేతులూపుతారు. ఫొటోలు కూడా తీసుకుంటారు. ఎన్ని దేశాల ఇళ్ళల్లో మా అమ్మ ఫొటో ఉందో ఆ దేవుడికే తెలియాలి.

ఆమె చూసేది మా తమ్ముడు యసుషి కోసం.

వాడు చాలా ఏళ్ళ కిందట, సకురా పూలు విరగబూసిన రోజుల్లో చేపల వేటకు వెళ్ళాడు. గాలివాన వచ్చింది, పడవ రాలేదు. ఆ పడవలో వెళ్ళిన మిగతావాళ్ళ ఇళ్ళల్లో, శవాలు దొరక్కపోయినా, ఆ ఏడే కర్మలు చేసేశారు. మా అమ్మ చెయ్యనివ్వలేదు. ఏదో పరాయి దేశపు ఓడ వాణ్ణి నీళ్ళలోంచి ఎత్తుకుని ఉంటుందట. తలకు దెబ్బ తగిలి తానెవరో మరిచిపోయి ఉంటాడట. ఏదో ఒక రోజు ఊరు చూడటానికి వచ్చినవాడిలా ఆ మెట్లు దిగుతాడట. నేను ఎదురు చెప్పడం మానేసి చాలా కాలమైంది. చెప్పినప్పుడల్లా, "వాడు బతికుండటం నీకు ఇష్టం లేదా" అంటుంది.

ఇంట్లో వాడికి పూటపూటా పళ్ళెం పెడుతుంది. కగెజెన్ అంటాం. దూరం వెళ్ళినవాడు అక్కడ పస్తు ఉండకూడదని ఇక్కడ వాడి చోట అన్నం పెట్టడం. బతికున్నవాళ్ళకే పెడతారు. గిన్నెలో అన్నం, మూత పెట్టిన వేడి చారు, ముందు అడ్డంగా పడుకోబెట్టిన తినే పుల్లలు. అందరి భోజనాలూ అయ్యాక చారు మీద మూత తీసి చూస్తారు. మూత లోపల తడి ఉంటే మనిషి క్షేమం. పొగలు కక్కే చారు మీద మూత పెడితే తడి కాక ఇంకేముంటుంది అని ఒకసారి నోరు జారాను. ఆ ఎండాకాలమంతా అమ్మ నాతో మాట్లాడలేదు.

అయినా నా కడుపు తరుక్కుపోయేది అమ్మను చూసి కాదు, మా మరదలు చిహారును చూసి. యసుషి భార్య. పిల్లల్లేరు. పుట్టింటికి పోకుండా అత్తగారి దగ్గరే ఉండిపోయింది. నా కాపురం వేరు, ఆ ఇంట్లో ఉండేది వాళ్ళిద్దరే. రేవులో పెద్ద ఓడలను లాగే టగ్ పడవ మీద ఇంజను చూసే హిరోసె అనే అతను ఆమెను పెళ్ళి చేసుకుంటానన్నాడు. మంచివాడు, భార్య పోయినవాడు, మాట తక్కువ. అతన్ని ఉత్తరాన ఎక్కడో ఉన్న రేవుకు మార్చేశారు. ఈ ఏడు పూల రోజుల్లో వచ్చిన ఓడను సాగనంపడమే ఇక్కడ అతని ఆఖరి పని. నాతో వస్తావా రావా, ఓడ కదిలేలోగా చెప్పు అన్నాడట. యసుషి పోయాడని ఊరి ఆఫీసులో చిహారు చెప్పుకుంటే చాలు, చట్టం అడ్డం రాదు. కానీ అత్తగారు పెట్టిన అన్నం పళ్ళెంలో పొగలు కక్కుతుంటే, మీ కొడుకు చచ్చిపోయాడని ఏ ముఖంతో చెబుతుంది?

ఆ ఓడ వచ్చిన రోజు కూడా అమ్మ మెట్ల దగ్గరే ఉంది. యాత్రికులను కొండ మీది పూలకు తీసుకెళ్ళడం నా పని కాబట్టి నేను చిన్న జెండా పట్టుకుని నా గుంపు కోసం చూస్తున్నాను.

"అమ్మా, కాస్త పక్కకు జరుగు. దిగేవాళ్ళకు అడ్డం."

"నా ఒళ్ళెంత, అడ్డమెంత. నీ జెండా సంగతి చూసుకో."

టీ కొట్టు ఫుసాయె నవ్వింది. "ఉండనీవే కజుయో. మీ అమ్మ కనపడకపోతే రేవు తప్పామనుకుని ఓడ వెనక్కి పోతుంది."

"నువ్వింకా ఎగదొయ్యి" అన్నాను.

అందరూ దిగిపోయారు. అమ్మ భుజాలు మెల్లగా కిందికి జారాయి. పాపం నిరాశ అనుకున్నాను. ప్రతిసారీ అలాగే అనుకునేదాన్ని.

కొండ మీద మా ఊరి ఆడవాళ్ళు చెట్ల కింద నీలం పట్టాలు పరిచి, వచ్చినవాళ్ళకు టీ, బియ్యప్పిండి ఉండలు పెడుతున్నారు. పూలు ఆ పూటే పూర్తిగా విచ్చాయి. గాలి లేదు. పట్టా మీదికి బూట్లతో ఎక్కకండి అని అరవడంతోనే నా గొంతు పోయింది. నాకు వచ్చిన ఇంగ్లీషు ఎంతని. రండి, జాగ్రత్త, టాయిలెట్ అటు, ఓడ టైమ్ అయింది. దానితోనే గుంపులకు గుంపులను తోలుకొస్తున్నాను.

కాస్త ఎడంగా, ఒక ముసలి చెట్టు కింద అమ్మ తన పట్టా పరిచింది. పక్కన చిహారు. వాళ్ళిద్దరికీ భోజనం పెట్టెలు, మధ్యలో యసుషి పళ్ళెం. పూలు చూడటానికి ఇంటిల్లిపాదీ వచ్చినప్పుడు వాణ్ణి మాత్రం వదిలేసి వస్తామా అంటుంది. ఫ్లాస్కులోంచి చారు పోసి మూత పెట్టింది. చిహారు ఒక్క ముద్ద ముట్టుకోలేదు. కింద రేవులో టగ్ పడవ కనిపిస్తోంది. ఆమె దాని వైపు చూడకుండా ఉండటానికి పడుతున్న అవస్థ నాకు తెలుస్తూనే ఉంది.

నేను ఆమె పక్కన చతికిలబడి మెల్లగా అడిగాను. "అతనికి ఏం చెప్పావు?"

"ఏం చెప్పమంటావు వదినా. అన్నం వడ్డించి ఉంది కదా."

"ఎన్నాళ్ళు వడ్డిస్తారు?"

"గుసగుసలెందుకు" అంది అమ్మ. "నాకు చెవుడు రాలేదు."

అప్పుడు నా గుంపులోని ఒకాయన మా పట్టా దగ్గరికి వచ్చాడు. పొడుగాటి మనిషి, ఎర్రటి ముఖం, కనుబొమ్మలు కూడా తెల్లబడ్డాయి. పొద్దున మెట్ల దగ్గర అమ్మ ముఖంలోకి చూసి నవ్వుతూ దాటిపోయినవాడే. ఎవరూ చెప్పకుండానే బూట్లు విప్పాడు. విప్పి, వంగి, వాటి మొనలు బయటికి తిప్పి పెట్టాడు. మా వాళ్ళు పెట్టినట్టే. తరువాత వచ్చి యసుషి పళ్ళెం ముందు కూర్చున్నాడు.

"అయ్యా, అక్కడ కాదు. టీ అటు, అటు" అంటూ నేను లేవబోయాను.

"కూర్చోనీ" అంది అమ్మ.

కొండ మీదికి వచ్చినవాళ్ళంతా సముద్రం కనబడేటట్టు కూర్చుంటారు. అందుకే కదా వస్తారు. ఈయన సముద్రానికి వీపు తిప్పి కూర్చున్నాడు. యసుషి కూడా అంతే. రోజంతా నీళ్ళే కదా, తినేటప్పుడు కూడా దాని ముఖం చూడమంటావా అనేవాడు. నీకు పిచ్చి పట్టిందే కజుయో, ఆయనకు ఎండ కళ్ళలో పడుతోంది అంతే, అని నాకు నేనే చెప్పుకున్నాను.

ఆయన చారు మూత తీసి ఓ గుక్క తాగాడు. పుల్లలు తీసుకున్నాడు. అన్నం మధ్యలో ఉప్పులో ఊరిన ఎర్రటి ఉమె కాయ ఉంది. దాన్ని పుల్లలతో ఎత్తి, వాసన చూసి, ముఖం చిట్లించి, చేయి చాపి చిహారు పెట్టెలో వేశాడు. అడగలేదు, ఆమె వైపు చూడనైనా లేదు.

పెళ్ళైన రోజు నుంచి యసుషి చేసిన పని అది. వాడికి ఆ పులుపు గిట్టదు. అడగకుండా భార్య గిన్నెలో పడేసేవాడు. మా ఇంట్లో నలుగురికి తప్ప ఎవరికీ తెలియదు.

చిహారు ఆ కాయ వైపే చూస్తూ ఉండిపోయింది.

ఆయన రెండు ముద్దలు తిన్నాడు. ఇక చాలన్నట్టు పుల్లలు రెండూ జత చేసి, అన్నం నడిమధ్యలో నిటారుగా గుచ్చాడు. తల వంచి దణ్ణం పెట్టి లేచాడు. బూట్లు వేసుకుని, అవతల ఫొటోలు తీసుకుంటున్న తన భార్య దగ్గరికి వెళ్ళి, ఏమీ జరగనట్టు ఆవిడ చూపించిన కొమ్మ కేసి చూస్తూ నిలబడ్డాడు.

పై దేశాల వాళ్ళు చాలామంది చేసే పొరపాటే అది. వాళ్ళకేం తెలుసు. మేము అన్నంలో పుల్లలు నిలబెట్టేది ఒక్కచోటే, శవం తల దగ్గర పెట్టే అన్నంలో. చిన్నపిల్లలు ఆటకు గుచ్చినా చేతి మీద ఒకటి వేస్తాం. అలాంటిది అమ్మ కళ్ళ ముందు, యసుషి గిన్నెలో. గబుక్కున వాటిని పీకేశాను.

"తెలియక చేశాడమ్మా. పరాయివాడు. మనసులో పెట్టుకోకు. నేను వేరే గిన్నెలో అన్నం పెడతాను."

"అవి ఇలా ఇవ్వు" అంది అమ్మ.

చేయి చాపింది. ఇచ్చాను. ఆమె ఆ పుల్లలను కోటు అంచుతో తుడిచి, రెండు చేతులతో పట్టుకుని, తీసిన చోటే మళ్ళీ నిలబెట్టింది.

"అత్తయ్యా, వద్దు" అంది చిహారు.

"వద్దంటే ఎలాగే. వాడే వచ్చి చెప్పిపోయాడు."

పక్క పట్టా మీద ఎవరో పకపకా నవ్వుతున్నారు. అమ్మ చారు మూత చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది.

"వాడు పోయాడని నాకు ఆ ఏడు వానల్లోనే తెలుసు. ఒక పూట చారు చేయి కాలేంత వేడిగా ఉంది. మూత తీశాను. లోపల పొడి. వేలితో రాసి చూశాను, అరచేత్తో తడిమాను. అప్పుడే కడిగి ఆరబెట్టినట్టు పొడిగా ఉంది. ఆ తరువాత ఏ పూటా తడి రాలేదు."

"రోజూ నాకు చూపించేవారు కదా" అంది చిహారు. "తడి ఉందే, క్షేమంగా ఉన్నాడే అనేవారు."

"నువ్వు అటు తిరిగినప్పుడు చారులో వేలు ముంచి నేనే రాసేదాన్ని."

"ఎందుకు అత్తయ్యా?"

"ఎందుకేమిటే. వాడు పోయాడంటే నువ్వూ పోతావు. కొడుకు ఎటూ రాడు. నువ్వు కూడా పోతే ఆ ఇంట్లో నేనెవరితో మాట్లాడను?"

నాకు ఒళ్ళు మండింది. ఇన్నేళ్ళు. ఆ పిల్ల జుట్టు నెరిసిపోయేదాకా. అరిచేదాన్నే, కానీ ఆమె ముఖం చూసి ఆగాను.

"మరి ఓడ వచ్చినప్పుడల్లా మెట్ల దగ్గర ఆ కాపలా ఏమిటి" అని మాత్రం అడిగాను. "పోయాడని తెలిసి ఎవరి కోసం ఎదురుచూశావు?"

"ఎదురుచూపు ఎవరన్నారు? భయం. పోయినవాడు నీళ్ళ మీద నుంచే కదా వస్తాడు. నా పెళ్ళాన్ని ఎందుకు కట్టిపడేశావని అడగడానికి వస్తాడని భయం. ఇంట్లో కూర్చుంటే ఎప్పుడు తలుపు తడతాడో తెలియదు. అక్కడైతే ముందే కనబడతాడని నిలబడేదాన్ని. ఆఖరి మనిషి దిగిపోయాక, అమ్మయ్య, ఈసారికి రాలేదని ఇంటికి పోయేదాన్ని." ఆమె మూత కింద పెట్టింది. "ఇవాళ కూడా రాలేదనే అనుకున్నాను. ఈ ముఖంతో వస్తాడని నాకేం తెలుసు."

ఎండలో, అంత జనం మధ్య నాకు చలేసింది. ఆ పొడుగాటాయన వైపు చూడటానికి ధైర్యం చాలలేదు.

చిహారు ఉమె కాయను వేళ్ళతో తీసి నోట్లో వేసుకుంది. నములుతూనే ఏడ్చింది. గింజ కూడా ఉమ్మలేదు. అమ్మ రేవు వైపు గడ్డం ఎత్తి చూపించింది.

"ఓడ కదిలేలోగా చెప్పాలన్నాడు కదా ఆ ఇంజను అబ్బాయి. కూర్చున్నావేం?"

"మీకు ఎలా తెలుసు?"

"చెవుడు రాలేదని చెప్పానా లేదా. లే. ఆ చీమిడి తుడుచుకో, వాడు చూస్తే జడుసుకుంటాడు."

చిహారు లేచింది. చెప్పులు వేసుకుని, వెనక్కి వచ్చి, పట్టా అంచున మోకాళ్ళ మీద కూర్చుని నేలకు తల ఆనించి అత్తగారికి దణ్ణం పెట్టింది. "అత్తయ్యా, వెళ్ళొ..." అనబోయింది.

"ఆ మాట అనకు" అంది అమ్మ. "వెళ్ళొస్తానని వాడూ అన్నాడు. రోజూ వినేదాన్ని, గుమ్మంలో. ఊరికే వెళ్ళు."

చిహారు ఏమీ అనకుండా వెళ్ళింది. చెట్ల మధ్య మెట్లు దిగుతూ కొంతసేపు కనిపించి, తరువాత యాత్రికుల గొడుగుల వెనక కనిపించలేదు. అమ్మ ఆమె కనబడకుండా పోయేదాకా చూసింది. అప్పుడు పళ్ళెం వైపు తిరిగి, నిలబెట్టిన పుల్లల ముందు చేతులు జోడించి, "యసుషీ" అంది. వాడు పోయాక ఆమె ఏడవగా నేను చూడటం అదే మొదలు. చిన్నగా మొదలై పెద్దదైంది. ఇరుగుపొరుగు పట్టాల మీద నవ్వులు ఆగిపోయాయి. ఫుసాయె టీ కెటిల్ చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఓడ మనుషులు ఒక్కొక్కరే టోపీలు తీశారు, ఎందుకో వాళ్ళకు తెలియదు. నేను అమ్మను దగ్గరికి తీసుకుని కూర్చున్నాను. ఊళ్ళో వాళ్ళ లెక్కలో మా తమ్ముడు ఎప్పుడో పోయాడు. మా ఇంట్లో వాడు పోయింది ఆ మధ్యాహ్నమే.