అటక మీది పనస పలకలు

“చెక్క మనదే గదా, కూలి ఒకటే అయింది” అన్నాడు మా ఆయన ఢిల్లీబాబు, నేనింకా చెప్పులైనా విడవకముందే. కార్వేటినగరంలో మా తమ్ముడి బిడ్డకు పేరు పెట్టే వేడుక చూసుకుని పాకాలకు అప్పుడే తిరిగొచ్చాను. నడింట్లో గోడకు కొత్తగా దేవుడి అర బిగించి ఉంది. వెంకటేశ్వరస్వామి, అలివేలుమంగమ్మ, తిరుత్తణి మురుగన్ అందరూ బంతిపూలు పెట్టుకుని అందులో కొలువుదీరి ఉన్నారు. మా అత్త వరదమ్మ ముఖం వెలిగిపోతోంది. నేను సంచీ చేతిలో ఉండగానే వంటింట్లోకి పోయి తలెత్తి చూశాను. పొయ్యి పైన అటక ఖాళీగా ఉంది, పనస పలకలు లేవు.

“వడ్రంగి శుక్రవారం వచ్చి రంగు ఏస్తాడంట” అంది అత్త వెనకాలే వచ్చి. “ఏండ్లుగా అడగతా ఉంటే ఇప్పటికి నా కొడుక్కి బుద్ధి పుట్టింది.”

ఆ పలకలు మావి కావు. అవి నేను పని చేసే గిటార్ కంపెనీవి. ఆ సంగతి ఇంట్లో ఇద్దరికీ తెలుసు. తెలిసీ తీశారంటే వాళ్ళు దొంగలని కాదు. వంటింట్లో ఉన్న వస్తువుకు ఇంకొకరెవరో లెక్క చెప్పాల్సి ఉంటుందన్న ఊహే వాళ్ళకు రాదు. వంటింట్లో ఉన్నదంతా ఇంటివాళ్ళది, నాతో సహా.

మా కంపెనీకి బోర్డు మీద వేరే పేరుంది గానీ, చిత్తూరు నుంచి పుత్తూరు దాకా అందరూ ‘అక్కల గిటార్లు’ అనే అంటారు. అక్కలంటే కృపామణి, రుక్మిణమ్మ. కృపక్క భర్త దయానంద్ సార్ చర్చిలో గిటార్ వాయించేవాడు. మా ఎండలకు గిటార్లు ఊరికే ఉండవు, మెడ వంగుతుంది, పొట్ట లేస్తుంది. విప్పి, జిగురు పెట్టి, బిగించి సరిచేసేది కృపక్క. అది కూడా వంటింటి గట్టు మీద, అన్నం ఉడికేలోగా. చుట్టుపక్కల చర్చిలవాళ్ళంతా తెచ్చి ఇచ్చేవాళ్ళు. ఎవరు బాగుచేశారని అడిగితే సార్ “మా ఇంట్లో చేయించినాను” అనేవాడట. కృపక్క ఈ మాట చెప్పినప్పుడల్లా నవ్వుతుంది. నాకు మాత్రం నవ్వు రాదు. చేసిన మనిషిని ఇంటి గోడల్లో కలిపేయడానికి ఆ ఒక్క ముక్క చాలు. మా ఆయన కూడా స్నేహితులు భోజనం బాగుందంటే “మా ఇంట్లో ఇట్లనే ఉంటాది” అంటాడు, ఇల్లే లేచి పులుసు పెట్టినట్టు.

రుక్మిణక్క భర్త పోయాక మరుదులు కట్టెల మిల్లు నడుపుకున్నారు, ఆమె మిల్లులో కూలీలందరికీ వండి పెట్టింది. జీతం లేదు, ఎందుకంటే ఆమె ఇంటి మనిషి. వాటా లేదు, ఎందుకంటే ఆమె ఆడమనిషి. ఒకరోజు కృపక్క అతుకు వేయడానికి చిన్న పనస ముక్క కావాలని మిల్లుకు వచ్చింది. రుక్మిణక్క ముక్క ఇచ్చి ఊరుకోలేదు, అది ఎక్కడ పెడతారో చూడాలని వెంటే పోయింది. వంటింటి గట్టు మీద విప్పి పెట్టిన గిటార్‌ను అటూ ఇటూ తిప్పి చూసి, “ఇన్ని అతుకులేసే బదులు ఒకటి మొత్తంగా చేసేస్తే పోలా?” అంది. కంపెనీ పుట్టింది ఆ మాటలోనే. మిల్లు వెనక పాత సామాను పడేసే షెడ్డును, మరుదులతో మూడు పంచాయితీలు పడి, ఆమె రాయించుకుంది. భోజనాలకు కూలి కట్టండి, లేదంటే షెడ్డు ఇవ్వండి అని కూర్చుంటే వాళ్ళకు షెడ్డే చవకగా కనిపించింది.

మొదట చేసిన గిటార్లు ఈస్టర్ ముందు చర్చిలకు, కాలేజీలకు అమ్ముడుపోయాయి. పలకలు తొందరగా ఆరాలని మిద్దె మీద ఎండబెట్టారు. అదే తప్పయింది. మే నెల కత్తిరి ఎండలు రాగానే ఒక్కొక్కటే వీపు మీద నిలువునా పగిలింది. ఎవరూ డబ్బు తిరిగిమ్మని అడగకముందే అక్కలిద్దరూ ఆటో మాట్లాడుకుని పలమనేరు, నగరి, చిత్తూరు తిరిగి అన్నీ వెనక్కి తెచ్చుకున్నారు. ఒక అంగడాయన “ఆడోళ్ళు చేసినారు, అందుకే పగిలినాయి” అన్నాడట. “ఆడోళ్ళు చేసినారు కాబట్టే తిరిగి తీసకపోను వచ్చినామప్పా” అంది రుక్మిణక్క. ఈ మాట నాకెంత ఇష్టమో చెప్పలేను. బస్సులో నిలబడి ఉన్నప్పుడు కూడా ఒక్కోసారి లోపల్లోపలే అనుకుంటూ ఉంటాను.

పగలని చెక్క కోసం వెతుకుతుంటే రుక్మిణక్కకు తన వంటింటి అటకే గుర్తొచ్చింది. ఊరగాయ జాడీల కింద ఏళ్ళ తరబడి ఉన్న పనస పలకకు చిన్న చీలిక కూడా లేదు. పొద్దున, సాయంత్రం పొయ్యి వేడి తగలడం, మళ్ళీ చల్లబడడం, నిదానంగా ఆరడం. అప్పటినుంచి మా కంపెనీలో పనికి చేరిన ప్రతి ఆడమనిషీ కొన్ని పలకలు ఇంటికి తీసుకుపోతుంది. పొయ్యి పైన అటక మీద పెట్టి, వారానికొకసారి తిప్పుతూ, ఏడాదిపాటు కాపాడుతుంది. దానికి కంపెనీ అటక బాడుగ ఇస్తుంది. మొదటిసారి తెచ్చినప్పుడు మా అత్త పడీపడీ నవ్వింది. “వంటింటి వేడికి బాడుగంట, ఇంగ చెమటకు గూడా ఇస్తారేమో అడుగు” అంది. కృపక్కకు చెబితే ఆమె నవ్వలేదు. “అడగాల్సిందే గదా” అంది.

బాడుగ ఒక్కటే కాదు. గిటార్ తయారయ్యాక లోపల, గుండ్రటి రంధ్రంలోంచి చూస్తే కనిపించేలా ఒక చీటీ అంటిస్తారు. ‘ఈ చెక్క గురవమ్మ వంటింట్లో ఆరింది’, ‘ఈ చెక్క రెబెకా వంటింట్లో ఆరింది’ అని. పెళ్ళిపత్రిక తర్వాత నా పేరు అచ్చులో పడబోయేది అక్కడే. ఏడాదంతా ఆ పలకలను పసిబిడ్డను తిప్పినట్టు తిప్పాను. జ్వరంలో కూడా స్టూలెక్కి తిప్పాను. వచ్చే వారం షెడ్డుకు చేర్చాలి.

మరుసటి రోజు పొద్దున్నే పోయి అక్కలకు జరిగింది చెప్పాను. తిడతారనుకున్నాను. కృపక్క చేతిలో పని ఆపకుండా, “మేకులు కొట్టినారా, స్క్రూలా?” అని అడిగింది.

“స్క్రూలే అక్కా. చివర్లలో.”

“అయితే నడుమ బాగుండాది. రంగు పడితే మాత్రం ఇంగ పనికిరాదు.” తర్వాత నా వైపు చూసింది. “తెచ్చేది తేనిది నీ ఇష్టం. తేకపోతే కుప్పమ్మ పలకలు వాడతాము. చీటీలో పేరు ఆమెది పడతాది.”

నెలనెలా కొండకు నడిచిపోయే రుక్మిణక్క వైపు ఆశగా చూశాను. “దేవుని సంగతి నన్ను అడగబాక. ఆయన మీ ఇంట్లో ఉండాడు” అంది. కోపం లేదు ఆ గొంతులో. నా బదులు తను తేల్చనని మాత్రం అర్థమైంది.

సాయంత్రం దాకా ఇసుక కాగితం రుద్దుతూ అదే ఆలోచించాను. పగిలిన గిటార్లు వెనక్కి తేవాలని వాళ్ళకు ఎవరూ చెప్పలేదు. షెడ్డు అడగమని రుక్మిణక్కకు ఎవరూ చెప్పలేదు. వాళ్ళేం ఉక్కుమనుషులు కాదు. కృపక్కకు మోకాళ్ళ నొప్పులు, రుక్మిణక్కకు మరుదుల ఇంటి పిలుపు రాలేదని ఇప్పటికీ దిగులు. అయినా అడగాల్సిన చోట అడిగారు. వాళ్ళను మెచ్చుకుంటూ, ఇంటికొచ్చి నోరు మూసుకుంటే నా మెచ్చుకోలుకు ఏం విలువ?

ఇంటికి పోగానే స్టూలు నడింట్లోకి లాగాను. స్వామి పటం దించి, కొంగుతో తుడిచాను. అత్త వాకిట్లోంచి పరుగున వచ్చింది.

“ఏమి మే, దేవుణ్ణి దించతావా? ఇంటికి అరిష్టం.”

మా ఆయన టీవీ ముందునుంచి లేచాడు. “ఆ చెక్కలే కావల్నా? వాళ్ళకు వేరేవి కొనిస్తాలే.”

“కొనొచ్చు. నేను తిప్పిన ఏడాది యాడ కొంటావు?” అన్నాను. అలివేలుమంగమ్మను, మురుగన్‌ను కూడా దించి స్క్రూ డ్రైవర్ అందుకున్నాను.

ఒక్కో స్క్రూ తిప్పుతుంటే పలకలు ఒక్కొక్కటే నిదానంగా గోడను వదిలాయి. నడుమ గీత కూడా పడలేదు. పటాలన్నీ చేతుల్లోకి తీసుకుని వంటింట్లోకి నడిచాను. అత్త గుమ్మంలో అడ్డంగా నిలబడింది.

“దేవుణ్ణి యాడ పెడతావే?”

“పొయ్యి గట్టు మీద. పెండ్లయిన కాణ్ణించి నేను నిలబడింది ఆడనే గదా అత్తా, నాలుగు దినాలు ఆయన్ను గూడా నిలబడనీ.”