మత్తయి పేరు మీద జరిగిన ఆపరేషన్

నంద్యాల కాడ కుందూ ఏరు పొంగి, గోదాముల్లో వడ్ల బస్తాలు తడిసి మొలకలెత్తిన ఏడు జరిగిందిది. మత్తయి ఆళ్లగడ్డలో బస్తాలు మోసే హమాలీ. ఆయన పెండ్లాం దెబోరా ఆస్పత్రిలో కుటుంబ నియంత్రణ పని చేసేది. ఇద్దరు బిడ్డలున్నోళ్లను ఒప్పించి, నంద్యాల క్యాంపుకు తోడుకొని పోయి ఆపరేషన్ చేయించడం ఆమె ఉద్యోగం. అట్లాంటి దెబోరాకు ఇద్దరు బిడ్డల మీద ఇప్పుడు నాలుగో నెల.

ఆ సంగతి పై అధికారి ప్రమీలమ్మకు చెప్పాల.

"నువ్వు గూడా రా," అనింది దెబోరా మొగునితో. "నీకు పోయినేడే ఆపరేషన్ అయిందని రిజిస్టర్లో ఉంది. నేనొక్కదాన్నే పోయి కడుపని చెప్తే ఆమె ఏమనుకుంటాది?"

మత్తయి తలగుడ్డ చుట్టుకొని ఎనకాలే నడిచినాడు. చెప్పాల్సిన మాట ఒకటుంది. దాన్ని ఏడాదిగా దాచిపెట్టుకొనే ఉండాడు.

ప్రమీలమ్మ అంతా ఇన్నది. కసరలేదు. బీరువాలోంచి లావు రిజిస్టర్ తీసి, ఒక పేరు మీద వేలు పెట్టింది.

"మత్తయి. నువ్వు తెచ్చిన మొదటి కేసు. అవునా?"

"అవును మేడమ్. ఆపరేషన్ ఫెయిలయిందేమో. ఒక్కోసారి అయితాదని మీరే చెప్పినారు గదా."

"అయితాది. ఊరు అట్లనే అనుకుంటాదా, బిడ్డ ఎవరిదో అనదా? రేపు నీ మాట ఏ ఇంట్లో ఇంటారు? నేను పైకి రాయాల్సిందే. నీ గురించి ఏమని రాయమంటావో నువ్వే చెప్పు."

దెబోరా మొగుని దిక్కు చూసింది. నువ్వు గూడా అట్లే అనుకుంటాండావా అన్నట్టుంది ఆ చూపు.

మత్తయి తలగుడ్డ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"అమ్మా, ఆపరేషన్ నాకు కాలేదు."

"ఏందీ?"

"నంద్యాలకు పోయి, ఈమె ఆడోళ్ల కాడ ఉంటే, మొగోళ్ల వరసలో నిలబడినా. కోయిచ్చుకుంటే మళ్లా బస్తా ఎత్తలేవని తోటి హమాలీలు చెప్పింటిరి. మా జట్టులో ముసలి జకరయ్య ఎంటొచ్చినాడు, పెండ్లాం సచ్చిపోయినాయన. 'నాకింక బిడ్డలు యాడప్పా, నీ చీటీ ఇట్లియ్యి' అన్నాడు. ఇచ్చినా. నా పేరు చెప్పుకొని ఆయన లోపలికి పోయినాడు."

దెబోరా మొగుని ఎదురుగా వచ్చి నిలబడింది. "ఆపరేషన్ చేయించుకున్నందుకు క్యాంపులో ఇచ్చిన బకెట్టు ఎవరో ఎత్తుకపోయినారంటివే."

"జకరయ్య ఇంట్లో ఉంది."

"వారం దినాలు పట్టీ ఏసుకొని మంచం దిగకపోతివి. కోడిగుడ్లు ఉడకబెట్టి పెడితినే."

"తిన్నా."

ప్రమీలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వో కోపమో తెలియలేదు.

"ఆ జకరయ్య ఇప్పుడేం చేస్తాండాడు?"

"బస్తాలు మోస్తాండాడమ్మా. నూరు కిలోలు."

ప్రమీలమ్మ తెల్లకాగితం మీద నాలుగు వరసలు రాసి, చదివి వినిపించి, మత్తయితో వేలిముద్ర ఏపిచ్చుకుంది.

"ఈమె తప్పు లేదని నేను పైకి రాస్తా. ఉద్యోగం నిలబెట్టేదానికి చూస్తా. ఊరికి మాత్రం నువ్వే చెప్పుకోవాల. రేపు ఏడు గంటలకు క్యాంపుకు జీపు పోతాది."

ఇల్లు చేరినాక దెబోరా పొయ్యి ముట్టించింది. కూడు పెట్టింది గానీ పక్కన కూర్చోలేదు.

తెల్లారి మత్తయి గోదాము కాడికి పోయినాడు. హమాలీలంతా బీడీలు కాల్చుకుంటా కూర్చోనుండారు. జకరయ్య చెయ్యి పట్టుకొని వాళ్ల నడుమ నిలబెట్టి, జరిగింది జరిగినట్టు చెప్పినాడు. ఒకడు నవ్వినాడు. ఆ నవ్వు అయిపోయేదాకా నిలబడి, "దెబోరా కడుపులో ఉండేది నా బిడ్డే," అన్నాడు. మళ్ల ఆస్పత్రి కాడికి నడుచుకుంటా పోయి, ఈసారి తానే కోయిచ్చుకునేదానికి, జీపులో దెబోరా తెచ్చిన కేసులతో పాటు, అందరికంటే ముందు కూర్చున్నాడు.