ముగ్గురు ఉప్పేసిన సలాడ్

ఆ ఇంట్లో పెద్దవాళ్ళు ముగ్గురు. ముగ్గురికీ కలిపి కళ్ళు ఆరు. మూడు వారాలుగా ఆ ఆరు కళ్ళూ ఒకే ఒక్క చిన్న నోటికి కాపలా కాస్తున్నాయి. ఆ నోరు మాత్రం అన్నం ముద్దకి తెరుచుకోవడం లేదు.

ఆ నోరు ఏడేళ్ళ పిల్లది. ఇంట్లో అందరూ పిడుగు అంటారు. ఆ పేరు ఊరికే రాలేదు. నడవమంటే పరుగెత్తేది, కూర్చోమంటే ఎక్కి దూకేది, తినేటప్పుడు కూడా కాలు ఒకచోట నిలిచేది కాదు. అలా గంతులేస్తూ తింటున్న ఒక సాయంత్రం ఆపిల్ ముక్క గొంతుకు అడ్డం పడింది. పిల్ల మొహం నల్లబడిపోయింది. నాన్న ఒళ్ళో బోర్లా వేసుకుని వీపు మీద నాలుగు చరిస్తే ముక్క ఎగిరి బయటపడింది. గండం గడిచిందని అందరూ ఊపిరి పీల్చుకున్నారు. పిల్ల మాత్రం పీల్చుకోలేదు. ఆ రోజు నుంచి నమలాల్సిన వస్తువేదీ దాని గొంతు దిగలేదు. పాలు తాగుతుంది, వడకట్టిన సూపు తాగుతుంది, అంతే. అన్నం గుజ్జులా పిసికి పెట్టినా బుగ్గన దాచుకుని, పెద్దవాళ్ళ చూపు అటు తిరగ్గానే ఉమ్మేస్తుంది. అడిగితే "అడ్డం పడుతుంది" అంటుంది. బతిమాలినా అదే మాట, కసిరినా అదే మాట.

డాక్టరమ్మ పరీక్షలన్నీ చేసి, గొంతులో ఏ లోపమూ లేదు, ఉన్నదల్లా భయమేనంది. "సోమవారం తీసుకురండి. బరువు ఇంకా తగ్గితే మాత్రం ఆస్పత్రిలో చేర్చుకుని, ముక్కులోంచి గొట్టం వేసి తిండి పంపాల్సి వస్తుంది" అని కూడా అంది. ఆ గొట్టం మాట విన్నప్పటి నుంచి ఇంట్లో ఎవరికీ కంటి మీద కునుకు లేదు.

ఇదిగో, తెల్లారితే సోమవారం. మేస్త్రి, అంటే పిడుగు వాళ్ళ నాన్న, ఆదివారం పూట షెడ్డుకి వెళ్ళకుండా ఇంట్లో కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. కార్లకి పడ్డ సొట్టలు తీయడం ఆయన పని. ఎంత పెద్ద సొట్టనైనా వేళ్ళతో తడిమి, ఎక్కడ మొదలైందో ఎక్కడ తగ్గిందో చెప్పేస్తాడు. సొంత కూతురి విషయంలో మాత్రం ఎక్కడ చెయ్యి వెయ్యాలో తెలియక కుమిలిపోతున్నాడు. పిల్ల భుజాల దగ్గర గౌను జారిపోతుంటే మాటిమాటికీ పైకి లాగి సర్దుతున్నాడు.

విచిత్రం ఏమిటంటే, మెతుకు ముట్టని ఆ పిల్ల రోజంతా ఫోనులో వంటలే చూస్తుంది. ఎవరు ఏం వేయిస్తున్నా, ఏం తాలింపు వేస్తున్నా కళ్ళప్పగించి చూస్తుంది. ఆ పొద్దున కూడా సోఫాలో ముడుచుకుని చూస్తూ చూస్తూ ఒక్కసారి కిలకిలా నవ్వింది.

"నాన్నా, ఇలా రా! ఈవిడకి కీరా మీద ఎంత కోపమో చూడు!"

మేస్త్రి ఒక్క అంగలో వెళ్ళాడు. ఫోనులో ఒకావిడ ఏదో తూర్పు దేశాల తరహా సలాడ్ చేస్తోంది. కీరదోసకాయని తరగడం లేదు. బల్ల మీద పడుకోబెట్టి, దాని మీద వెడల్పాటి కత్తిని పలకలా ఆనించి, అరచేత్తో దభీమని కొడుతోంది. కాయ పగిలి చీలికలైంది. తరిగిన ముక్క నున్నగా ఉండి ఏదీ పట్టదట. చితక్కొడితే ఆ పగుళ్ళలోకి సోయా సాస్, వెనిగర్, వెల్లుల్లి అన్నీ దిగుతాయట. పది నిమిషాల పనట.

"నేను బతుకంతా చితికినవాటిని నున్నగా చేస్తుంటే, ఈవిడ నున్నటిదాన్ని తీసుకొచ్చి చితక్కొడుతోందే!" అన్నాడు మేస్త్రి.

పిడుగు మళ్ళీ నవ్వింది. మూడు వారాల్లో రెండు నవ్వులు, అదీ ఒకే పూట.

"మనమూ కొడదామా?"

నవ్వు ఆగిపోయింది. "నేను తినను."

"నిన్ను తినమన్నదెవరే? కొట్టమంటున్నా."

నిజంగానే అప్పుడు ఆయన మనసులో వేరే ఎత్తుగడ ఏమీ లేదు. ఆ నవ్వు ఇంకాసేపు వినాలని, అంతే. వీధి చివర కొట్టుకి వెళ్ళి మూడు లేత కీరాలు, ఒక సోయా సాస్ సీసా, వెనిగర్ తెచ్చాడు. తర్వాత పనిముట్ల సంచీలోంచి ఇంకా కవరు విప్పని కొత్త రబ్బరు సుత్తి తీసి, సబ్బుతో కడిగి తుడిచాడు.

గుమ్మంలో కూర్చుని బట్టలు మడతపెడుతున్న అత్తగారు కళ్ళజోడు సర్దుకుని చూసింది. "కీరాకి సుత్తి ఏమిటి అల్లుడుగారూ? రేపు ఉల్లిపాయకి రంపం తెస్తారా ఏం?"

"మీరు చూస్తూ ఉండండి అత్తయ్యా."

వంటింట్లో నేల మీద పాత చెక్కపలక పరిచి, కీరాని ప్లాస్టిక్ సంచీలో పెట్టి, తండ్రీకూతుళ్ళు బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. "బలమంతా పెట్టకూడదు. ముందు వేలితో నొక్కి చూడు. ఎక్కడ కాస్త మెత్తగా తగిలితే అక్కడ కొట్టు. దానంతట అదే దారి ఇస్తుంది" అన్నాడు. పిడుగు పెదవి బిగించి కొట్టింది. కాయ నిలువునా చీలింది. ఇంకో దెబ్బ, ఇంకో చీలిక. రెండు కీరాలు అయ్యేసరికి పిల్ల మొహానికి రంగొచ్చింది. మూడోది కూడా దాని ముందే పెట్టి, చితికిన రెండింటినీ మేస్త్రి చేత్తో ముక్కలుగా తుంచి, జల్లెడలో వేసి, ఉప్పు చల్లి నీళ్ళు ఓడడానికి గట్టు మీద వదిలేశాడు. వెల్లుల్లి వలవడానికి ముందుగదిలోకి వెళ్ళాడు.

ఇక్కడ ఆ ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. ఈ మూడు వారాలుగా అక్కడ ఏది వండినా ఉప్పు ఉండదు, లేకపోతే రెండింతలు ఉంటుంది. అందరి ధ్యాసా పిల్ల మీద ఉంటే కూర సంగతి ఎవరికి పడుతుంది? పోనీ అని ఎవరూ ఊరుకోలేదు. పక్కవాళ్ళ మతి మీద ఎవరికీ నమ్మకం లేక, వంటింట్లోకి ఎవరు వెళ్ళినా, కనపడిన గిన్నెలో చడీచప్పుడు లేకుండా కాస్త ఉప్పు వేసి వచ్చే అలవాటు పడింది. ఎవరికి వాళ్ళు ఇల్లు తామే నిలబెడుతున్నామనుకునేవాళ్ళు.

మేస్త్రి వెల్లుల్లి దంచి, సోయా సాస్‌లో కాస్త వెనిగర్, చిటికెడు పంచదార, నాలుగు చుక్కల నువ్వుల నూనె, పలుకులుగా నలిపిన ఎండుమిర్చి కలిపాడు. జల్లెడలో ముక్కలు పిండి, అందులో వేసి, దోరగా వేయించిన నువ్వులు చల్లాడు. చూడ్డానికి ఫోనులో దానికి ఏమాత్రం తీసిపోలేదు. గిన్నె ముందుగదిలో బల్ల మీద పెట్టి భార్యనీ అత్తగారినీ పిలిచాడు. పిడుగు వంటింట్లోనే ఉండిపోయింది, మూడో కీరా పని పడుతూ.

మొదటి ముక్క మేస్త్రే వేసుకున్నాడు. వేసుకుని బిగుసుకుపోయాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"ఏమైందండీ?" అంటూ భార్య ఒక ముక్క నోట్లో వేసుకుంది. ఆవిడ బస్టాండులో మైకు ముందు కూర్చుని ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో చెప్పే ఉద్యోగి. ఆ గొంతుకి ఇంట్లో మైకు అక్కర్లేదు. "ఉప్పు! ఎంత వేశారండీ, సముద్రం తెచ్చి పోశారా?"

"నేను రెండు చిటికెలే వేశాను!"

"నేనూ రెండు చిటికెలే..." అనబోయి ఆవిడ నాలిక కరుచుకుంది.

"నువ్వెందుకు వేశావు?"

"మీరు మర్చిపోయుంటారని. నిన్న కూరలో మర్చిపోలా?"

"సరే, నాలుగు చిటికెలకి ఇంత విషమవుతుందా?" ఇద్దరూ కలిసి అత్తగారి వైపు చూశారు. ఆవిడ కిటికీలోంచి వీధిని శ్రద్ధగా చూస్తోంది.

"అత్తయ్యా?"

"కాస్త వేశానయ్యా. కాస్తే."

"కాస్త అంటే?"

"పిడికెడు."

ఆవిడ పాతికేళ్ళు హాస్టల్లో రెండొందల మందికి వండిన మనిషి. ఆ చేతికి చిటికె అన్న కొలత తెలియదు. మేస్త్రి తల పట్టుకున్నాడు. "దీంట్లో మళ్ళీ సోయా సాస్ కూడా ఉప్పే కదమ్మా!" అని మేస్త్రి భార్య తల్లి మీద అరిచింది. "నాకేం తెలుసు, ఆ నల్లనీళ్ళు నేనెప్పుడైనా ముట్టానా?" అని అత్తగారు ఎదురు అరిచింది. మూడు వారాలుగా గుసగుసలు తప్ప వినపడని ఇంట్లో గొంతులు పైకప్పుకి తగిలాయి.

ఆ రభసలో వంటింటి వైపు నుంచి ఒక చప్పుడు వచ్చింది.

కరక్.

మేస్త్రి చెవులు రిక్కించాడు. రేకు మోగిన తీరుని బట్టి లోపల ఏం వంగిందో చెప్పే చెవులవి. సుత్తి చప్పుడు కాదది. మళ్ళీ వచ్చింది. కరక్, కర కర కర. పళ్ళ కింద లేత కాయ నలుగుతున్న చప్పుడు.

ముగ్గురూ విన్నారు. అత్తగారు "అమ్మా నా తల్లీ" అని లేవబోయింది. పెళ్ళైన ఇన్నేళ్ళలో అత్తగారి కొనగోరు కూడా తాకని మేస్త్రి చటుక్కున ఆవిడ మణికట్టు పట్టుకుని కూర్చోబెట్టాడు. వద్దు, చూడొద్దు అని కళ్ళతోనే చెప్పాడు. ఈ మూడు వారాలూ తాము చేసింది అదే కదా! పిల్ల చెంచా ఎత్తితే చాలు, ఆరు కళ్ళు దాని గొంతు మీద వాలేవి. ఆ సంగతి ఆయనకి అప్పుడే, ఆ క్షణాన తట్టింది. తట్టగానే గొంతు పెంచాడు.

"అసలు ఉప్పు డబ్బా ముట్టుకోమని మీకెవరు చెప్పారు అత్తయ్యా?"

అల్లుడు తన మీద గొంతు లేపడం ఆవిడ ఎప్పుడూ వినలేదు. ఒక్క క్షణం తెల్లబోయి, అంతలోనే అందుకుంది. "ముట్టుకుంటాను! నా కూతురి వంటిల్లు! మీ సుత్తి దూరగా లేంది, నా చెయ్యి దూరకూడదా?"

"అమ్మా, ఆయన్నేమీ అనకు!" అంది మేస్త్రి భార్య. చెంపల మీద నీళ్ళు ధారగా కారిపోతున్నా ఆవిడ గొంతు పిసరంత వణకలేదు. బస్టాండులో ఎన్ని జ్వరాలతో ఎన్ని బస్సులు పంపిందో ఆ గొంతు.

మేస్త్రి వంటింటి వైపు తిరగలేదు. గోడకి ఆనించిన పెద్ద స్టీలు పళ్ళెంలోకి చూశాడు. సొట్టని ఆయన ఎప్పుడూ నేరుగా చూడడు, రేకులో పడే నీడ వంకరని బట్టి పట్టుకుంటాడు. పళ్ళెంలో పొడుగ్గా సాగిన పిడుగు నీడ కనపడింది. గుమ్మం పక్కన గోడకి చేరగిలబడి, చితికిన కీరా ముక్క చేత్తో పట్టుకుని, పెద్దవాళ్ళ తగువుని వంటల వీడియో చూసినంత శ్రద్ధగా చూస్తోంది. దవడ కదులుతోంది. కదిలి ఆగింది. ఉమ్ముతుందా? బుగ్గన దాస్తుందా?

కరక్. ఇంకో ముక్క కొరికింది. మొదటిది లోపలికి పోకుండా రెండోది కొరకదు కదా!

ఆయన గుండెల మీంచి బండ దింపినట్టయింది. కానీ తగువు ఆగితే పిల్ల ఆగుతుంది. ఉప్పు గురించి అనుకోవాల్సినవన్నీ అయిపోయాయి. ఇక చేతికి అందింది అందుకున్నారు. పోయినేడాది ఇస్త్రీపెట్టె కాల్చిందెవరని మేస్త్రి అడిగాడు. ఆయన గురకకి తనకి ఏ రాత్రీ నిద్ర పట్టదని అత్తగారు బయటపెట్టింది. అది తగువు కోసం అన్న మాటలా అనిపించలేదు. మధ్యలో పిడుగు వాళ్ళ అమ్మ ఇద్దర్నీ కలిపి కడిగేసింది. వెనక నుంచి కర కర ఆగలేదు. మేస్త్రికి ఇక ఉగ్గబట్టుకోవడం చేతకాక, గిన్నె మీదికి వంగి వెక్కడం మొదలుపెట్టాడు.

"గిన్నె అవతల పెట్టుకుని ఏడవండి అల్లుడుగారూ, అసలే ఉప్పెక్కువైంది!" అని అత్తగారు అదే కోపంతో అరిచింది. ఆవిడ పమిట చెంగు అప్పటికే తడిసిపోయింది.

"ఇంక చాలు" అంది పిడుగు వెనక నుంచి. "మీరు చూడొచ్చు."

ముగ్గురూ మెల్లగా తిరిగారు. ఎవరూ దగ్గరికి పరుగెత్తలేదు. పిల్ల చేతిలో కీరా సగమే మిగిలింది. దాని మీద పళ్ళ గాట్లు వరసగా ఉన్నాయి.

"అడ్డం పడలేదు. నేను బాగా కొట్టా కదా, అందుకని" అంది.

"అవును. బాగా కొట్టావు" అన్నాడు మేస్త్రి.

పిడుగు ముగ్గురి మొహాలూ చూసింది. తర్వాత ఆరు కళ్ళ ముందే ఇంకో ముక్క కొరికి, తొందరేమీ లేకుండా చాలాసేపు నమిలింది. గొంతు ఒకసారి కదిలింది. నాన్న దగ్గరికి వచ్చి నోరు బార్లా తెరిచి, నాలిక పైకెత్తి, రెండు బుగ్గలూ వేలితో లాగి చూపించింది. మేస్త్రి వంగి చూశాడు. ఎక్కడా ఏమీ లేదు, నోరంతా ఖాళీ.