బిందె ఎక్కడ పెట్టింది?

గవర్నర్‌పేటలో రత్తయ్య అద్దె పుస్తకాల కొట్టులో రెండు వరసలుండేవి. ముందు వరసలో డిటెక్టివులూ, భక్తి పుస్తకాలూ. వెనక వరసలో, అన్నిటికీ ఖాకీ అట్టలేసి, కుమారి వెన్నెల రాసిన నవలలు. ముందు వరస చదివేవాళ్లు దర్జాగా వచ్చేవాళ్లు. వెనక వరస చదివేవాళ్లు దగ్గుతూ వచ్చేవాళ్లు.

కుమారి వెన్నెల ఎవరో ఊరు మొత్తం మీద ఒక్కడికే తెలుసు. ఆ ఒక్కడూ రత్తయ్యే. అయిదో తరగతిలో వ్యాసానికి సున్నా వేసి బెంచీ ఎక్కించాడని మేష్టారి మీద కసితో బడి మానేసినవాడు, నలభై ఎనిమిదేళ్లు వచ్చేసరికి పదకొండు నవలలు రాసి అచ్చేయించాడు. సొంత పేరు పెట్టుకునే ధైర్యం లేదు గానీ, కొత్త పుస్తకం చేతికొచ్చినప్పుడల్లా ఆ మేష్టారు బతికుంటే బావుణ్ణనుకునేవాడు. అచ్చాఫీసులో మిగిలిన ప్రతుల్ని చెదలు తినేశాయి. ఇక ఉన్నదల్లా ఆ వెనక వరసే.

ఎమర్జెన్సీ పోయిన మరుసటేడు, మిట్టమధ్యాహ్నం, మహిళా సంఘంవాళ్లు పదిమంది కొట్టు మీదికొచ్చారు. ముందు హైస్కూలు టీచరు ఛాయాదేవి. ఆమె చేతిలో అగ్గిపెట్టె.

"ఆ వెనకవన్నీ బయట పడేయండి రత్తయ్యగారూ! ఆడదాన్ని సరుకు చేసి అద్దెకిస్తారా? ఇక్కడే తగలెడతాం."

రత్తయ్య వెళ్లి వెనక వరసకి అడ్డంగా నిలబడ్డాడు.

"ఆగండి ఛాయాదేవిగారూ," అంది ఆ పదిమందిలోనే ఉన్న ఆసుపత్రి నర్సు ఎలిజబెత్. "మొన్నటిదాకా పేపర్లలో వార్తలు కత్తిరిస్తున్నారని తిట్టుకున్నాం. ఇప్పుడా కత్తెర మనం పుచ్చుకుందామా? ఇవాళ ఇది బూతంటారు. రేపు నేను కుటుంబ నియంత్రణ బొమ్మ చూపిస్తే అదీ బూతేనంటారు."

"అయితే ఈ చెత్తంతా పట్టుకెళ్లి మీ వార్డులో పంచండి సిస్టర్!"

"చెత్తే అవనీండి. రాసింది ఓ ఆడపిల్ల. తన కోరికేదో తను రాసుకుంటే, నోరు మూయించడానికి మనమెవరం?"

రత్తయ్యకి నర్సుగారి కాళ్ల మీద పడాలనిపించింది. "వెన్నెలగారిది చాలా సున్నితమైన మనసండీ," అన్నాడు.

"ఆడదాని కోరిక అందులో ఎక్కడుందో చదివి చూపించండి," అంది ఛాయాదేవి.

ఎలిజబెత్ ఓ పుస్తకం లాగి గట్టిగా చదివింది. "చంకన నిండు బిందెతో కాలవగట్టెక్కిన సుందరి అతన్ని చూసింది. సిగ్గుతో రెండు చేతులూ పైకెత్తి జుట్టు ముడి విప్పింది..."

ఆగి, ఆ వాక్యమే మళ్లీ చదువుకుంది.

"బిందేమైంది?" అంది వెనకనుంచి సంపూర్ణమ్మ. మూడు వీధులవతల పంపు నుంచి రోజూ నీళ్లు మోసే మనిషి.

"చంకనే ఉంది."

"రెండు చేతులూ ఎత్తాక కూడానా?"

ఎవరో కిసుక్కుమన్నారు. రత్తయ్యకి ఒక్కసారిగా ఆ బెంచీ, ఆ సున్నా గుర్తొచ్చాయి. "పక్కన పెట్టిందండీ! రాయటం మర్చిపోయాను, అంతే!"

ఎలిజబెత్ పుస్తకం మొదటి పేజీ తిప్పి రాసినవారి పేరు చూసింది.

"మీరా... కుమారి?" అంది ఎలిజబెత్.

ఛాయాదేవి అగ్గిపుల్ల బయటికి తీసింది. "ఇప్పుడేమంటారు సిస్టర్?"

"అయినా సరే, తగలెట్టొద్దు," అంది ఎలిజబెత్ పళ్లు నూరుతూ. "కూర్చో రత్తయ్యా. నువ్వే చదువు. మొదటినుంచీ."

చదివాడు. పెనం మీద అట్టుండగా కౌగిలించుకుంటే అట్టు మాడలేదా అనడిగారు. తడిసిన నేతచీర ఒక్క గుంజుకి ఎలా ఊడిందో కట్టి చూపించమన్నారు. రెండో అధ్యాయానికి సంపూర్ణమ్మ పొట్ట పట్టుకుని గడప మీద కూలబడింది. రోడ్డు మీద జనం మూగారు. అందులో వెనక వరసవాళ్లూ ఉన్నారు. ఇన్నేళ్లూ దగ్గిన వెధవలు, ఇవాళ అందరికంటే పెద్దగా నవ్వుతున్నారు.

రత్తయ్య పుస్తకం మూసి లేచాడు. కళ్లనీళ్లు తిరుగుతున్నాయి. "టీచరమ్మగారూ, మీకు పుణ్యముంటుంది. ఆ అగ్గిపుల్లేదో గియ్యండి!"

"కుదరదు," అంది ఎలిజబెత్. "సెన్సారు మాకు పడదు."

ఛాయాదేవి అగ్గిపెట్టె సంచిలో పడేసి, ఎర్ర పెన్ను తీసింది. పేపర్లు దిద్దినట్టు బిందె దగ్గర ఓ సున్నా చుట్టి, పుస్తకం మళ్లీ అతని చేతిలో పెట్టింది.

"ఊఁ, పేజీ తిప్పు."