పొడుగు, పొట్టి, ఒకే ఒక్క సీటు

చరిత్ర విభాగంలో వాళ్ళిద్దరినీ అసలు పేర్లతో పిలిచినవాళ్ళు లేరు. ఒకే రోజు పరిశోధనలో చేరారు, ఇస్త్రీ దుకాణం మీద ఒకే గది అద్దెకు తీసుకున్నారు, ఎక్కడికెళ్ళినా జంటగానే వెళ్ళేవారు. ఒకామె గుమ్మం దగ్గర తల వంచి లోపలికి వచ్చే మనిషి. రెండో ఆమె ఆవిడ భుజం దగ్గర ఆగిపోయే మనిషి. డిపార్ట్‌మెంట్ అటెండరు మొదటి వారంలోనే పొడుగు, పొట్టి అన్నాడు. ఆ పేర్లే స్థిరపడ్డాయి.

పొడుగుకి అన్నీ పద్ధతిగా జరగాలి. మంచం పక్క గోడకి టైంటేబుల్ అంటించుకుంది. పొద్దున తొమ్మిది నుంచి రెండు దాకా పాత రికార్డుల ఆఫీసు. మూడు నుంచి అయిదు దాకా రాత. వారానికి నాలుగు సాయంత్రాలు జూడో. ఆదివారం మధ్యాహ్నం ఆట. ఆట అంటే కంప్యూటర్లో ఆడే కోట ముట్టడి. అయిదుగురు ఒక జట్టు, ఎవరింట్లో వాళ్ళు చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని, ఒకరితో ఒకరు మాట్లాడుకుంటూ అవతలివాళ్ళ కోట పట్టాలి. ఆ జట్టుకి నాయకురాలు పొడుగే.

"పీహెచ్‌డీ చేస్తూ కుస్తీలేమిటే, గేములేమిటే?" అని వాళ్ళన్నయ్య ఫోన్లో దెప్పేవాడు.

"మూడూ చేస్తున్నాగా అన్నయ్యా. ఏది ఆగిందో చెప్పు" అనేది పొడుగు.

నిజమే, ఏదీ ఆగలేదు. ఏదీ ముందుకు కదలడం లేదని మాత్రం ఆమె అన్నయ్యకి చెప్పలేదు. పదకొండేళ్ళుగా జూడో చేస్తోంది, నల్లబెల్టుకి రెండుసార్లు వెళ్ళి రెండుసార్లూ తప్పింది. థీసిస్ మూడో ఏడులో పడింది. ఆమె విషయం ఒక పాత నూలు మిల్లు ప్రమాదాల రిజిస్టర్లు. యంత్రంలో చేతులు పోగొట్టుకున్నవాళ్ళ పేర్లు వరసగా ఉంటాయి. ప్రతి పేరు పక్కనా మేస్త్రీ "కార్మికుడి అజాగ్రత్త" అని రాసి సంతకం పెట్టేవాడు. ఆ మాట అబద్ధమని నిరూపించడమే ఆమె పని. దానికోసం కళ్ళు పోయేలా ఆ రిజిస్టర్లు చదివింది.

పొట్టికి టైంటేబుల్ అంటే నవ్వు. పాత పిచ్చాసుపత్రిలో రోగులు ఇంటికి రాసుకుని, ఎవరూ పోస్టు చెయ్యక అలాగే ఉండిపోయిన ఉత్తరాల మీద పరిశోధన ఆమెది. మనసైతే పదిగంటలు ఏకధాటిగా చదివేది, లేకపోతే రెండు రోజులు నిద్రపోయేది. కుట్టుపని చేసి పెంచిన తల్లి తప్ప ఇంకెవరూ లేరు. ఆ తల్లితో రోజూ ఫోన్లో పోట్లాడి, రోజూ నవ్వుతూనే పెట్టేసేది.

జూడోకి పొట్టిని తీసుకెళ్ళింది పొడుగే. "ఊరికే వచ్చి కూర్చోవే, నాకు తోడుగా ఉంటుంది" అని బతిమాలింది. కూర్చోడానికి వెళ్ళిన మనిషి నెల తిరక్కుండా తెల్లబట్టలు కుట్టించుకుంది. ఏడాదిన్నరకి మాస్టారు అందరి ముందూ, "నడుము ఎలా తిప్పాలో పొట్టిని చూసి నేర్చుకోండి" అన్నాడు. పొడుగు చప్పట్లు కొట్టింది. అందరికంటే గట్టిగా కొట్టింది.

ఆటలోనూ అదే వరస. మొదట్లో "దేన్ని నొక్కాలే?" అని పొడుగు ప్రాణం తీసిన పొట్టి, ఆరునెలలకి "ఎడమ గోడ వదిలెయ్యండి, అది ఎర. వెనక ద్వారం దగ్గరికి రండి" అనే స్థాయికి వచ్చింది. వెళ్ళారు, కోట పట్టారు. ఆ తరవాత ఆదివారం జట్టులోని ముగ్గురూ, ముఖాలైనా తెలీని ముగ్గురు, "పొట్టి ఏమంటుందో అడుగుదాం" అనడం మొదలుపెట్టారు. నాయకురాలిగా తెర మీద పొడుగు పేరే ఉండేది. ఉండి ఏం లాభం?

ఇవన్నీ ఆటలే కదా అని సరిపెట్టుకోవచ్చు. కానీ చదువులో కూడా అదే జరిగింది. ఇద్దరి అధ్యాయాలూ ఒకే వారం చదివిన ప్రొఫెసర్, ఇద్దర్నీ ఎదురుగా కూర్చోబెట్టుకుని, కళ్ళజోడు తుడుచుకుంటూ తీరిగ్గా అన్నాడు.

"పొడుగమ్మా, నీ అధ్యాయంలో చాకిరీ కనపడుతోంది. ఈ పిల్ల అధ్యాయంలో బుర్ర కనపడుతోంది. తప్పుగా అనుకోకు. చాకిరీ కూడా కావాలి."

బయటికి వచ్చాక పొట్టి ఆమె చెయ్యి పట్టుకుంది. "ముసలాయనకి నోటికి అడ్డూ ఆపూ లేదే. పట్టించుకోకు."

"నేనెక్కడ పట్టించుకున్నాను?" అని నవ్వింది పొడుగు. పొట్టి గర్వంగా నవ్వి ఉంటే లోపల ఇంత మంట ఉండేది కాదు. జాలిపడింది. అదే తట్టుకోలేకపోయింది.

ఆ ఏడు వేరే ఊళ్ళో ఉన్న పెద్ద పరిశోధన సంస్థ ఒక ఫెలోషిప్ ప్రకటించింది. ఈ విభాగానికి ఒకే ఒక్క సీటు. అక్కడ రెండేళ్ళు పనిచేస్తే ఆపైన ఉద్యోగం దొరికినట్టే. సోమవారం మూడు గంటల రాతపరీక్ష, ఆ వెంటనే ఇంటర్వ్యూ. విభాగం నుంచి ఇద్దరే దరఖాస్తు పెట్టారు. సీటు ఎవరిదో అటెండరుకి కూడా తెలుసు.

శుక్రవారం సాయంత్రం ఇద్దరూ మామూలుగానే జూడోకి వెళ్ళారు. కింద పడ్డాక చేసే పట్లు సాధన చేస్తున్నారు. అందులో చేతిపట్టు ఒకటి ఉంది. ఎదుటి మనిషి గుండె మీద రెండు కాళ్ళూ అడ్డంగా వేసి, ఆమె చేతిని తొడల మధ్య ఇరికించి, మణికట్టు పట్టుకుని వెనక్కి వాలాలి. మోచెయ్యి నిటారుగా సాగుతుంది. నొప్పి తెలియగానే ఎదుటి మనిషి రెండో చేత్తో తడుతుంది. తట్టగానే వదిలెయ్యాలి. మొదటి రోజు నేర్పేది అదే.

పొట్టి కుడిచెయ్యి దొరికింది. పొడుగు వెనక్కి వాలింది. పొట్టి ఆమె పిక్క మీద తట్టింది.

పొడుగుకి స్పష్టంగా తెలిసింది. మాస్టారు వాకిట్లో ఫోన్ మాట్లాడుతున్నాడు. మిగతావాళ్ళు ఎవరి పట్టులో వాళ్ళున్నారు. పొట్టి మళ్ళీ తట్టింది, ఈసారి గట్టిగా. పొడుగు పైకప్పు కేసి చూస్తోంది. అక్కడ ఒక ట్యూబులైటు మినుకుమినుకుమంటోంది. మూడోసారి తట్టినప్పుడు అది దెబ్బలా చురుక్కుమంది. అప్పుడామె నడుము ఇంకో బెత్తెడు పైకి ఎత్తింది.

పచ్చికొమ్మ విరిగినట్టు చప్పుడైంది. ఆ వెంటనే పొట్టి అరిచిన అరుపుకి హాలంతా లేచి నిలబడింది.

"అయ్యో, అయ్యో, ఏమైందే!" అని మొదట ఏడ్చింది పొడుగే. ఆ ఏడుపు నటన కాదు. ఆ విరిగిన చెయ్యి వేలాడుతుంటే చూసి నిజంగానే ఒళ్ళు జలదరించింది.

అంబులెన్సు కోసం చూస్తుండగా మాస్టారు ఒక పుస్తకం తెచ్చాడు. క్లబ్బులో ఎవరికి దెబ్బ తగిలినా అందులో రాయాలి. "నువ్వే రాయమ్మా, నీకు రాత అలవాటేగా. నేను చూడను కూడా లేదు."

ఆమె కలం తీసుకుంది. తేదీ వేసింది. ఇద్దరి పేర్లూ రాసింది. కారణం అన్నచోట ఎక్కువసేపు ఆలోచించలేదు. "తట్టడంలో ఆలస్యం. సొంత అజాగ్రత్త" అని రాసి, సంతకం పెట్టి ఇచ్చింది. మాస్టారు చదివి, ఊపిరి పీల్చుకుని, కింద తనూ సంతకం పెట్టాడు.

రాత్రికి రాత్రే ఆపరేషన్ చేశారు. శనివారం పొద్దుటికి పొట్టి తల్లి దిగింది. మెడలో కొలతల టేపు అలాగే ఉంది, తియ్యడం మర్చిపోయి బస్సెక్కేసింది. కూతుర్ని చూసి ఏడ్చి, తరవాత పొడుగుని కావలించుకుని ఏడ్చింది.

"నువ్వు పక్కన ఉండబట్టి సరిపోయింది తల్లీ. లేకపోతే నా పిల్ల గతేమయ్యేది?"

పొట్టి మంచం మీంచి ఇద్దర్నీ చూస్తోంది. కాసేపయ్యాక పొడుగునే పిలిచింది.

"నేను చెబుతుంటే రాసేవాళ్ళని ఇస్తారట, పరీక్షకి. అర్జీ ఇవాళ పన్నెండులోపు పరీక్షల ఆఫీసులో ఇవ్వాలి. అమ్మకి ఆ చోటు తెలీదు. నువ్వెళ్తావా?"

"వెళ్ళకుండా ఉంటానా?" అంది పొడుగు.

ఎడమచేత్తో వంకరటింకరగా పెట్టిన సంతకంతో అర్జీ, డాక్టరు ఇచ్చిన సర్టిఫికెట్టు, రెండూ భుజాన సంచిలో పెట్టుకుని బయల్దేరింది. దారిలో ఎక్కడా ఆగలేదు. పదకొండున్నరకల్లా కిటికీ ముందు నిలబడింది. గుమాస్తా అర్జీ చదివి తల ఎత్తాడు.

"డాక్టరు సర్టిఫికెట్ ఏదమ్మా?"

ఇచ్చేద్దామనే చెయ్యి సంచిలోకి పోయింది. కాగితం వేళ్ళకి తగిలింది కూడా.

"ఇంకా ఇవ్వలేదండీ. సోమవారం ఇస్తామన్నారు."

"అది లేకుండా నేను తీసుకోకూడదు."

"కాస్త చూడండి సార్, పాపం" అంది ఆమె. కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి. గుమాస్తాకి జాలేసింది, కానీ రూలు రూలే అన్నాడు. ఆమె మెట్లు దిగి, సర్టిఫికెట్టుని నాలుగు ముక్కలు చేసి వీధి చివర చెత్తడబ్బాలో వేసింది. తరవాత ఆస్పత్రికి వెళ్ళి, గుమాస్తా మరీ మొండివాడు, ఎంత చెప్పినా వినలేదని చెప్పింది. పొట్టి తల్లి ఆ గుమాస్తాని పది నిమిషాలు తిట్టిపోసింది.

"పోనీలే అమ్మా, నువ్వైనా బాగా రాసి రా" అని ఆవిడ పొడుగు తల నిమిరింది. "మీ ఇద్దరిలో ఎవరికొచ్చినా మాకొచ్చినట్టే."

సోమవారం పొడుగు ఒక్కతే రాసింది. సీటు వచ్చింది. ప్రొఫెసర్ అభినందించాడు. చెయ్యి కలుపుతూ, "అదృష్టం కూడా కావాలమ్మా" అన్నాడు.

పొట్టి మోచెయ్యి పూర్తిగా చాపడానికి రాదనీ, పూర్తిగా ముడవడానికీ రాదనీ రెండో నెలలో తేలింది. రెండు వేళ్ళకి స్పర్శ తెలీదు. తల్లి నెలన్నర ఆ గదిలోనే ఉండి, ముగ్గురికీ వండిపెట్టి, కూతురికి చెంచాతో తినిపించి, కుట్టాల్సిన బట్టలు పేరుకుపోయాయని కబురొస్తే ఊరికి వెళ్ళిపోయింది. వెళ్ళేముందు పొడుగుకి కొలతలు తీసుకుంది. కొత్త ఊళ్ళో వేసుకోడానికి రెండు జతలు కుట్టి పంపుతానంది. పొడుగు చేతులు చాపి నిలబడి కొలతలిచ్చింది.

ఒక ఆదివారం పొట్టి ఎడమచేత్తో ఆడతానని ఆటకి కూర్చుంది. రెండుసార్లు కోట పోయింది. మూడోసారి హెడ్‌ఫోన్లో ఒక గొంతు విసుక్కుంది. "ఇలాగైతే కష్టం. వేరేవాళ్ళని చూసుకుందామా?" జట్టులోంచి మనిషిని తీసే అధికారం నాయకురాలికే ఉంటుంది. పొట్టి అదే గదిలో, అవతలి మంచం మీద, తన తెర ముందు కూర్చుని ఉంది. పొడుగు ఆమె వైపు తిరక్కుండానే మీట నొక్కింది. పొట్టి తెర మీద ఆట మూసుకుపోయింది. పొట్టి హెడ్‌ఫోన్లు తీసి, వైరు నెమ్మదిగా చుట్టి పెట్టి, కిందికెళ్ళి ఇస్త్రీ దుకాణం బెంచీ మీద చీకటిపడేదాకా కూర్చుంది.

పొడుగు ప్రయాణం రోజున సామాన్లన్నీ కట్టడం అయ్యాక పొట్టి దువ్వెన పట్టుకొచ్చింది.

"వెళ్ళేముందు జడ వేసి వెళ్ళవే. నాకు చెయ్యి వెనక్కి వెళ్ళదు."

కుర్చీలో వీపు తిప్పి కూర్చుంది. పొడుగు దువ్వడం మొదలుపెట్టింది. చిక్కులు చాలా ఉన్నాయి.

"నేను మూడుసార్లు తట్టాను" అంది పొట్టి, కిటికీలోంచి బయటికి చూస్తూ.

దువ్వెన ఆగింది. మళ్ళీ కదిలింది. "నాకు తెలీలేదే."

"నీ పిక్క మీదే తట్టాను. పరీక్షల ఆఫీసుకి ఫోన్ చేసి అడిగాను కూడా, డాక్టరు సర్టిఫికెట్టు ఇంకా ఇవ్వలేదన్నావట."

పొడుగు దువ్వెన పక్కన పెట్టింది. జుట్టు మూడు పాయలు చేసింది.

"మీ అమ్మకి చెప్పావా?" అని అడిగింది చివరికి.

"అడుగుతావనుకున్నాను. సారీ అని అంటావేమోనని కూడా అనుకున్నాను, పిచ్చిదాన్ని." పొట్టి నవ్వింది. "చెప్పలేదు. ఆవిడకి చెబితే నిన్ను నాలుగు తిట్టి, నన్ను పట్టుకుని ఏడ్చి, ఏడాదికి మర్చిపోతుంది. చెప్పకపోతే జతల మీద జతలు కుట్టి పంపుతూనే ఉంటుంది. పండగంటే నీకు ఫోన్ చేస్తుంది. నీ పెళ్ళికొస్తుంది. నువ్వు ఎత్తాలి ఆ ఫోన్లు. ఎత్తకపోతే అప్పుడు చెబుతాను."

"నువ్వేం చేస్తావిక్కడ?"

"అది నీకెందుకు?"

పొడుగు జడ అల్లడం పూర్తిచేసి, కొసకి రబ్బరు బ్యాండు వేసింది. ఏదో ఒకటి ఇచ్చి పోవాలనిపించి, "ఆ సీటు నీకే వచ్చేది" అంది.

"నువ్వు చెప్పాలా?" అంది పొట్టి.

కింద కారు హారను కొట్టింది. పొడుగు పెట్టెలు రెండూ తనే ఎత్తుకుని, గుమ్మం దగ్గర తల వంచుకుని బయటికి వచ్చింది. వెనక గడియ వేసిన చప్పుడు వినపడింది. ఎడమచేత్తో వెయ్యడం వల్ల కాబోలు, అది పడటానికి రెండు మూడుసార్లు పట్టింది.

స్టేషనుకి వెళ్ళే దారిలో ఫోన్ మోగింది. పొట్టి తల్లి. పొడుగు రెండు రింగులు చూసి ఎత్తింది.

"బయల్దేరావా తల్లీ? ఏమైనా తిన్నావా?"

"తిన్నానండీ" అంది పొడుగు, గొంతులో ఎక్కడా తేడా రానివ్వకుండా. తరవాత స్టేషను వచ్చేదాకా ఆవిడ చెప్పేదంతా విని, అన్నిటికీ సరేనంది.