మాల్యాద్రి అరికాళ్ల మంట

మర్రిపాడు గొర్రెల కాపరి మాల్యాద్రికి మూడేళ్లుగా అరికాళ్లు భగభగ మండుతున్నాయి. ఆముదం రాశాడు, వాతలు పెట్టించుకున్నాడు, ఎవరేం బిళ్లలిచ్చినా మింగాడు. మంట మాత్రం రవ్వంత తగ్గలేదు. "ఈ పున్నమికి నీ కాళ్లు దారికి రాకపోతే మందను అమ్మేద్దాం" అని తేల్చేసింది పెళ్లాం చెంచమ్మ. అమ్మేస్తే ఇంకేముంది? పొద్దున లేస్తే గొర్రెలు తప్ప మరో లోకం తెలియని మనిషాయె!

అందుకే బండి కట్టించుకుని ఆత్మకూరు వచ్చి, చుట్టాలింట దిగి, మొగుడూ పెళ్లాం వరదయ్య దగ్గరికి వెళ్లారు. వరదయ్య రంగూన్‌లో ఉన్నప్పుడు పక్కింటి చీనా వైద్యుడి దగ్గర సూదుల వైద్యం నేర్చాడు. యుద్ధం రోజుల్లో కట్టుబట్టలతో తిరిగొస్తూ కూడా సూదుల డబ్బీ మాత్రం వదల్లేదు. వెంట్రుకల్లాంటి సూదులు. మందూ లేదు, మాకూ లేదు, గుచ్చి ఊరుకోవడమే!

"అరగంట కదలకుండా పడుకో. సూదుల మీద చెయ్యి వెయ్యబాక" అని రెండు కాళ్లకూ కలిపి పది సూదులు గుచ్చి, వరదయ్య పంచలోకి వెళ్లాడు. తిరిగొచ్చేసరికి పది సూదులూ తువ్వాలు మీద వరుసగా ఉన్నాయి.

"ఒక్కటి గూడా ఇరగకుండా పీకినాను సామీ!" అన్నాడు మాల్యాద్రి గొప్పగా.

"పీకమని ఎవురు చెప్పినారయ్యా నీకు?"

పాపం, అతని తప్పేముంది? బుద్ధెరిగినప్పటి నుంచీ తుమ్మముళ్లలో తిరిగిన కాళ్లు. ఏదైనా గుచ్చుకుంటే బుర్రను అడక్కుండానే చెయ్యి వెళ్లి పీకేస్తుంది. మర్నాడూ అదే పని చేశాడు. వరదయ్య తల పట్టుకున్నాడు.

"అమ్మా, నువ్వు కూర్చోని ఈయన చేతులు పట్టుకో."

చెంచమ్మ సిగ్గుతో చచ్చిపోయింది. ముప్పై ఏళ్ల కాపురంలో నలుగురి ముందు మొగుడి చెయ్యి పట్టుకున్న పాపాన పోలేదు. అయినా రోజూ వచ్చి పట్టుకుంది, గట్టిగా.

పున్నమి రేపనగా సూదులు గుచ్చి, "ఎట్టుండాది?" అని అడిగాడు వరదయ్య.

"మంట మొత్తం పోయినాది సామీ! కాలవలో పెట్టినట్టు సల్లగా ఉండాయి కాళ్లు."

"అబద్ధాలు చెప్పబాక" అంది చెంచమ్మ. "మంట లేసినప్పుడల్లా నా చేతులు పిసకతావు. మొదట్లో చేతి ఏళ్లు ఇరిగిపోతాయేమో అనుకున్నా. ఇప్పుడు గూడా పిసికినావు. కాకపోతే అందులో సగమే."

మాల్యాద్రి మొహం వాడిపోయింది. మంద పోయినట్టే అనుకున్నాడు.

"సగం తగ్గిందంటే మంచిదే. అంతకుమించి తగ్గుతుందని నేను చెప్పలేను" అన్నాడు వరదయ్య.

"సగం చాల్లే" అంది చెంచమ్మ. "పొద్దున మందను నువ్వు తోలుకపో. మద్దేనం నించి నేను తోలతా. నువ్వు నీడన కూసో."

మాల్యాద్రికి ఏడుపొచ్చేసింది. వరదయ్య సూదులన్నీ తీసి డబ్బీలో పెట్టుకున్నాడు.

"ఇంక వదులయ్యా, సామి చూస్తాండాడు" అంది చెంచమ్మ.

మాల్యాద్రి వదల్లేదు.